సిమ్‌లో పెడితే ఆరిపోయే కారు

పోయిన వారం మాగాయ గురించి రాశాక, ఈ వారం పచ్చళ్ళ జాడీల సంగతి రాద్దామనుకున్నాను. కాని మొన్న మే నెలంతా మా ఇంట్లో పచ్చళ్ళ కంటే ఎక్కువగా నా బుర్ర తిన్నది మా కారు. అందుకని ముందు దాని సంగతి. "వంటల పక్కన కారేమిటండీ?" అని ముక్కున వేలేసుకోకండి. మిక్సీ తిరక్కపోతే మనమే చూస్తాం, మోటారు నీళ్ళు లాగకపోతే మనమే చూస్తాం, కుక్కరు విజిల్ వెయ్యకపోతే వెయిట్ తీసి కడిగేదీ మనమే. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది మగవాళ్ళ వ్యవహారం" అని పక్కకి తప్పుకుంటాం. నేనూ అలా తప్పుకున్నదాన్నే. తప్పుకున్నందుకు దాదాపు 8 వేలు వదిలాయి.

మాది పదమూడేళ్ళ కిందట కొన్న చిన్న పెట్రోలు కారు. మావారికి విశాఖపట్నంలో ఉద్యోగం. శనివారం రాత్రి వస్తారు, ఆదివారం రాత్రి రైలెక్కేస్తారు. కాబట్టి విజయవాడలో బండి నడిపేది నేనే. ముప్పై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను, సరదా కొద్దీ కాదు. మా అత్తయ్యగారికి కిడ్నీలు పనిచెయ్యడం లేదు. మంగళవారం, శుక్రవారం డయాలిసిస్. పటమటలో మా ఇంటి నుంచి సూర్యారావుపేటలో ఆసుపత్రికి తీసుకెళ్ళి, నాలుగు గంటలు కూర్చుని, మళ్ళీ తీసుకురావాలి. బయటికొచ్చేసరికి మనిషి వడిలిన తోటకూర కాడలా ఉంటారు. ఆటో మెట్టు ఎక్కడానికి కాలు లేవదు. ఆ పూట కారు ముందు సీటు వెనక్కి వాల్చి ఏసీ వేస్తే, ఇల్లు చేరేలోగా చిన్న కునుకు తీస్తారు. మా కారు చేసే అసలు పని అదే.

ఆ కారు ఒక శుక్రవారం మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. ఎర్ర లైటు పడింది, నేను క్లచ్చి తొక్కి బ్రేకు వేశాను, ఇంజను ఒకసారి గజగజ వణికి, మూలిగి, ఆరిపోయింది. తాళం తిప్పాను, స్టార్టయింది. కాలు తియ్యగానే మళ్ళీ పోయింది. పచ్చ లైటు పడింది. వెనకాల హారన్లు సంగతి మీకు తెలియనిది కాదు. అత్తయ్యగారు కళ్ళు తెరిచి "పెట్రోలు అయిపోయిందా అమ్మాయ్?" అన్నారు. ముల్లు సగానికి పైనే ఉంది. ఏసీ కట్టేసి, ఎక్సలేటర్ మీద కొంచెం కాలుంచి స్టార్ట్ చేస్తే అప్పటికి కదిలింది. ఇంటిదాకా ఏసీ లేకుండా, ఆ ఎండలో, ఆవిడ మొహం మీద చెమట చూస్తూ నడిపాను.

ఇక్కడ ఒక ముక్క చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే ఆ రోజు నాకు ఇది తెలియదు. బండి కదులుతుండగా ఇంజను ఆగిపోతే స్టీరింగు ఒక్కసారి బరువైపోతుంది, బ్రేకు గట్టిపడిపోతుంది. బ్రేకు పోలేదు, భయపడకండి. బ్రేకుకి సాయం చేసే డబ్బా ఒకటి ఇంజను పీల్పు మీద పనిచేస్తుంది. ఇంజను ఆగినా అందులో ఒకటి రెండు సార్లకి సరిపడా బలం మిగిలి ఉంటుంది. కాబట్టి బ్రేకు మీద టపటపా కొట్టకుండా, ఒకటే బిగిని తొక్కి పట్టుకోవాలి. బండి ఆగేదాకా తాళం చెవి మొత్తం వెనక్కి తిప్పి లాగెయ్యకూడదు, స్టీరింగు లాక్ పడిపోతుంది. నాలుగు వైపులా మిణుకుమనే లైట్లు వేసి, గేరు న్యూట్రల్‌కి తెచ్చి, ఏసీ కట్టేసి స్టార్ట్ చెయ్యాలి. అప్పటికీ కాకపోతే మొహమాటపడకుండా పక్కనున్నవాళ్ళని ఓ చెయ్యి వెయ్యమనాలి. రైలు గేటు మీద ఆగిందనుకోండి, బండి సంగతి తర్వాత, ముందు మనుషుల్ని దించెయ్యాలి.

మర్నాడు మా వీధి చివర షెడ్డుకి తీసుకెళ్ళాను. కుర్రాడు, మర్యాదస్తుడే. "ఏమైంది మేడమ్?" అన్నాడు. "బండి ఆగిపోతోంది" అన్నాను. నేను చెప్పింది ఆ రెండు మాటలే. అతను మూడు ప్లగ్గులూ మార్చాడు, 900 అయింది. సోమవారం సాయంత్రం రైతుబజారు దగ్గర మళ్ళీ ఆగిపోయింది. "అయితే పెట్రోలు పంపు మేడమ్" అన్నాడు. వెనక సీటు లేపి పంపు మార్చాడు, 6,900. మంగళవారం ఆసుపత్రికి వెళ్తూ రెండు సార్లు ఆగిపోయింది. ఈసారి అతను తల గోక్కుని "కంప్యూటరు పోయినట్టుంది మేడమ్, పద్ధెనిమిది వేలు దాకా అవుతుంది" అన్నాడు. చీటీ పాడితే వచ్చిన డబ్బులు పిల్లవాడి ఇంటరు ఫీజుకని బీరువాలో పెట్టాను. అవి కళ్ళ ముందు కనపడ్డాయి.

ఫోన్లో మావారికి చెబితే, "ఆ డొక్కుని అమ్మేద్దాం, క్యాబ్ పెట్టుకోండి" అన్నారు. ఆయన చెప్పినంత తేలిక కాదది. వారానికి రెండు రోజులు, పోనూ రానూ, మధ్యలో అర్ధరాత్రి ఆయాసం వస్తే పరుగు. దగ్గర దూరమని సగంమంది డ్రైవర్లు రామంటారు. వచ్చినా ముసలావిడని ఎక్కించడానికి పట్టే ఐదు నిమిషాలు ఓపిక పట్టరు. అంతకంటే లోపల ఇంకో బాధ కూడా ఉంది, రాయడానికి సిగ్గెందుకు? ఆ కారు పోతే నా కాళ్ళు పోయినట్టే అనిపించింది.

ఆ రాత్రే పాలు సిమ్‌లో పెట్టి వచ్చి మంచం మీద వాలాను. కాసేపటికి గ్యాసు వాసన. వెళ్ళి చూస్తే బర్నర్ ఆరిపోయి ఉంది. కట్టేసి, కిటికీలన్నీ తీసి, చాలాసేపటికి మళ్ళీ వెలిగించాను. పెద్ద మంట మీద బ్రహ్మాండంగా మండుతోంది. సిమ్‌కి తిప్పానో లేదో టప్‌మని ఆరిపోయింది. పొద్దున్న పప్పు పొంగి బర్నర్ చిల్లులు పూడుకుపోయాయి. మీ అందరికీ తెలిసిన జబ్బే కదా. మర్నాడు బర్నర్ సబ్బునీళ్ళలో నానబెట్టి పిన్నీసుతో చిల్లులు పొడుస్తూ ఉంటే, మా కారు కూడా పెద్ద మంట మీద బాగానే మండుతోంది కదా, సిమ్‌లోనే కదా ఆరిపోతోంది అనిపించింది. బందరు రోడ్డు మీద నలభైలో పోతుంటే దానికి ఏ రోగమూ లేదు. కాలు తీస్తేనే.

నిజమో కాదో తేల్చుకోవాలని పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో రాయడం మొదలెట్టాను. ఆగిన ప్రతిసారీ ఏ టైము, ఏసీ ఉందా లేదా, బండి కదులుతోందా నిలబడిందా, ఇంజను వేడెక్కిందా, లైట్లు వెలుగుతున్నాయా. నేను నడుపుతుంటే మా చిన్నవాడు పక్కన కూర్చుని రాసేవాడు. తొమ్మిది రోజుల్లో పదకొండు సార్లు ఆగింది. అందులో ఎనిమిది సార్లు ఏసీ వేసి ఉండగా, సిగ్నల్ దగ్గరో, స్పీడు బ్రేకరు ముందో. రెండు సార్లు ఏసీ లేదు గాని, ఓ సాయంత్రం గాలివాన వచ్చినప్పుడు లైట్లూ వైపర్లూ రెండూ వేసి ఉన్నాయి. ఒకసారి పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే. బండి పరుగెడుతుండగా ఆగింది ఒక్కసారి కూడా లేదు. ఎక్సలేటర్ మీద కొంచెం కాలుంటే ఎప్పుడూ ఆగలేదు.

ఆ పుస్తకం పట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. విజయవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు, లారీ బాడీల దగ్గర్నుంచి చిన్న నట్టు దాకా అక్కడ దొరకనిది ఉండదు. ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్తే అందరూ ఒకసారి తలెత్తి చూస్తారు, చూడనివ్వండి. మా ఆడపడుచు వాళ్ళాయన చెప్పిన పెద్దాయన షెడ్డు ఒకటి ఉంది. అరవై దాటిన మనిషి, అంతా బాబాయ్ గారంటారు, నేనూ అలాగే అన్నాను. "బాబాయ్ గారూ, మా కారు సిమ్‌లో పెడితే ఆరిపోతోందండీ. పెద్ద మంట మీద బాగానే ఉంది" అన్నాను. ఆయన గట్టిగా నవ్వేశారు. తర్వాత నా పుస్తకం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివారు. "ఇంకేం చెప్పాలమ్మా, సగం పని మీరే చేసుకొచ్చారు" అన్నారు. చెప్పొద్దూ, పెళ్ళయిన కొత్తలో మా మామగారు నా పులిహోర మెచ్చుకున్నప్పుడు కూడా అంత పొంగిపోలేదు.

ఆయన నాకు చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఎక్సలేటర్ తొక్కితే పెట్రోలు పడుతుందని మనం అనుకుంటాం. ఇప్పటి పెట్రోలు కార్లలో అది తెరిచేది గాలి తలుపుని. ఇంజనుకి ముందు గొట్టంలో గుండ్రటి రేకు ఒకటి ఉంటుంది, దాన్నే థ్రాటిల్ అంటారు. అది ఎంత తెరుచుకుంటే అంత గాలి లోపలికి పోతుంది. ఆ గాలిని చూసి, దానికి తగ్గ పెట్రోలుని కంప్యూటరు కొలిచి చిమ్ముతుంది. ఇడ్లీ పిండికి మినప్పప్పు, రవ్వ పాళ్ళున్నట్టే దీనికీ పాళ్ళున్నాయి. ఒక కిలో పెట్రోలుకి పద్నాలుగున్నర కిలోల పైచిలుకు గాలి కావాలి. లీటర్ల లెక్కలో చూస్తే ఒక లీటరు పెట్రోలు మండడానికి సుమారు 9,000 లీటర్ల గాలి. ఇంజను తిండిలో ఎక్కువ భాగం గాలేనన్నమాట.

మనం కాలు పూర్తిగా తీసేస్తే ఆ రేకు మూసుకుపోతుంది. అప్పుడు ఇంజను బతకడానికి పక్కనుంచి సన్నటి దారి ఒకటి, దానికో బుల్లి వాల్వు ఉంటాయి. అది మన సిమ్ అనుకోండి. ఆ సన్నటి గాలితోనే ఇంజను నిమిషానికి 800, 900 చుట్లు తిరుగుతూ నిలబడాలి. ఏసీ వేస్తే ఇంజను మీద బరువు పడుతుంది. లైట్లూ వైపర్లూ వేసినా కరెంటు తీసే యంత్రం బరువు పడుతుంది. అలా బరువు పడినప్పుడల్లా కంప్యూటరు ఆ వాల్వుని ఇంకాస్త తెరిచి గాలి పెంచాలి. ఆ దారి మసితో పూడుకుపోతే పాపం అది ఎంత తెరిచినా గాలి రాదు. ఇంజను ఊపిరాడక ఆగిపోతుంది. ఎక్సలేటర్ తొక్కితే పెద్ద తలుపు తెరుచుకుంటుంది కాబట్టి సన్నదారితో పనే లేదు, బండి హాయిగా పోతుంది. నా పుస్తకంలో పదకొండు సార్లూ ఎందుకు అలా పడ్డాయో అప్పుడు తెలిసింది.

ఆయన వెంటనే ఏదీ విప్పలేదు, అది నాకు నచ్చింది. బండి స్టార్ట్ చేసి, వేడెక్కనిచ్చి, నన్ను ఏసీ వెయ్యమన్నారు. బాగున్న బండయితే ఏసీ వెయ్యగానే ఇంజను చప్పుడు కొంచెం కుంగి వెంటనే లేస్తుందట. మాది కుంగింది, లేవలేదు. ఆరిపోబోతుంటే స్క్రూడ్రైవరు పిడితో ఆ బుల్లి వాల్వు మీద మెల్లగా రెండు దెబ్బలు వేశారు. ఇంజను చటుక్కున తేరుకుంది! జామ్ అయిన తలుపుని తట్టినట్టు. తర్వాత ఏసీ కట్టేసి బ్రేకు తొక్కి పట్టుకోమన్నారు. బ్రేకు తొక్కిన కొద్దీ ఇంజను గాభరా పడితే, బ్రేకు డబ్బాకి వెళ్ళే గొట్టంలో కన్నం ఉన్నట్టట. మాకు అది బాగానే ఉంది. రబ్బరు గొట్టాలన్నీ చేత్తో వంచి చూశారు. ఎక్కడైనా పగిలితే 'స్‌స్' మని చప్పుడు వస్తుందనీ, లెక్కలో లేని గాలి చొరబడి ఇంజను చప్పుడు ఊయలలా పైకీ కిందకీ ఊగుతుందనీ చెప్పారు.

అప్పుడు విప్పారు. అమ్మో, ఆ రేకు వెనక చూడాలి! మా అమ్మమ్మ ఆముదం దీపం మీద పట్టిన కాటుకలాగా నల్లగా, జిడ్డుగా, అంచు చుట్టూ కట్టుకుపోయి ఉంది. తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే మళ్ళీ ఉతకడానికి పనికిరాదు. బుల్లి వాల్వు దారిలో అయితే అగ్గిపుల్ల పట్టేంత సందు కూడా లేదు. ఇంత మసి ఎక్కడిదంటే, ఇంజను లోపల ఇంజనాయిలు ఆవిరి పుడుతుంది. దాన్ని బయటికి వదిలితే కాలుష్యమని మళ్ళీ ఇంజనుకే తాగిస్తారు. దానికి పీసీవీ వాల్వు అని వేలెడంత ముక్క కాపలా. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గలగలమనాలి. మాది ఊపితే ఎండిపోయిన కొబ్బరికాయలా మౌనంగా ఉంది. అది తెరుచుకునే ఇరుక్కుపోయి, అవసరం కంటే ఎక్కువ ఆయిలు ఆవిరి పంపిస్తోంది. మసి తుడిచి దాన్ని అలాగే వదిలేస్తే ఆరునెలల్లో మళ్ళీ ఇదే గొడవ అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చాలా షెడ్లలో మసి తుడిచి పంపించేస్తారు.

శుభ్రం చెయ్యడానికి డబ్బాలో స్ప్రే దొరుకుతుంది. అది కొట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచారు. ఇంట్లో చెయ్యొచ్చా అని అడిగాను. చేతివాటం ఉన్నవాళ్ళు చెయ్యొచ్చట గాని కొన్ని జాగ్రత్తలున్నాయి. ఆ స్ప్రే నిప్పు తగిలితే భగ్గుమంటుంది, కాబట్టి ఇంజను పూర్తిగా చల్లారాక, ఆరుబయట, దీపం, అగరొత్తి దరిదాపుల్లో లేకుండా చెయ్యాలి. కళ్ళలో పడకూడదు. ఇంకోటి, మాది తీగతో లాగే పాత రకం థ్రాటిల్. కొత్త కార్లలో తీగ ఉండదు, మోటారే రేకుని తిప్పుతుంది. దాన్ని వేలు పెట్టి తోస్తే లోపల పళ్ళు దెబ్బతినొచ్చు, తుడిచాక స్కానరు పెట్టి మళ్ళీ నేర్పాల్సి రావచ్చు. అటువంటివి తెలిసినవాళ్ళ చేతికివ్వడమే మంచిది. గాలిని కొలిచే సెన్సారు ఉన్న కార్లలో దాని మీద ఈ స్ప్రే కొట్టనే కూడదు, దానికి వేరే ఉంది. నేనయితే దగ్గర నిలబడి చూశానే గాని చెయ్యి పెట్టలేదు.

బిగించి స్టార్ట్ చేశాక ఇంకో గండం. బండి రయ్యిమని అరవడం మొదలెట్టింది, కాలు తీసినా తగ్గదు! నా గుండె జారిపోయింది. ఆయన మాత్రం తాపీగా టీ తెప్పించారు. ఇన్నాళ్ళూ మసి ఉన్న దారికి అలవాటుపడిన కంప్యూటరు వాల్వుని బార్లా తెరిచి పెట్టుకుందట. ఇప్పుడు దారి శుభ్రపడేసరికి గాలి ఎక్కువైపోయింది. బ్యాటరీ వైరు ఓ పదిహేను నిమిషాలు తీసి పెట్టి, మళ్ళీ బిగించి, ఏసీ లేకుండా పది నిమిషాలు, ఏసీతో పది నిమిషాలు నిలబెట్టి తిప్పారు. టీ అయ్యేసరికి చప్పుడు మెల్లమెల్లగా దిగింది. కొత్త కోడలు అత్తింటి పద్ధతులు నేర్చుకున్నట్టు నేర్చుకుందన్నమాట. మీ బండికి థ్రాటిల్ కడిగించిన రోజున ఇలా అరిస్తే కంగారుపడి ఇంకో షెడ్డుకి తీసుకెళ్ళకండి. ఒకటి రెండు రోజులు నడిపినా దిగకపోతే అప్పుడు చూపించండి.

ఖర్చు చెప్పమంటారా? స్ప్రే 350, పీసీవీ వాల్వు 240, మధ్యలో వేసే గాస్కెట్ 90, మజూరీ 600. మొత్తం 1,280. కంప్యూటరుకి ఏ రోగమూ లేదు. తీసేసిన పాత పెట్రోలు పంపు అడిగి తెచ్చుకున్నాను, అదీ బాగానే ఉంది. పెట్రోలు ఎంత ఒత్తిడితో వస్తోందో చూసే గేజి ఉంటుందట. పంపు మార్చేముందు అది ఒకసారి పెట్టి చూస్తే 6,900 మిగిలేవి. షెడ్డు కుర్రాడి మీద నాకు కోపం లేదా అంటే, ఉంది. చూడకుండా మార్చడం తప్పే. కాని "బండి ఆగిపోతోంది" అని రెండు మాటలు చెప్పి ఊరుకున్నది నేను. డాక్టరు దగ్గర "ఒంట్లో బాగోలేదు" అని చెప్పి ఊరుకుంటామా? పొద్దున్నా, రాత్రా, తిన్న తర్వాతా, పరగడుపునా అని పూసగుచ్చినట్టు చెబుతాం.

అందుకని ఆగిపోయే కారున్నవాళ్ళు ముందు ఎప్పుడు ఆగుతోందో చూసుకోండి. కాలు తీసినప్పుడు మాత్రమే ఆగి, తొక్కితే బాగుంటే మా కథలాంటిదే కావచ్చు, ముందు గాలి దారి చూడమనండి. అలా కాకుండా రోడ్డు మీద పరుగెడుతుండగా శక్తి తగ్గిపోయి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు దగ్గుతూ ఆగితే పెట్రోలు వైపు, అంటే పంపో, ఫిల్టరో. ఇంజను బాగా వేడెక్కాక చెప్పాపెట్టకుండా టక్కున ఆరిపోయి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయితే క్రాంక్ సెన్సారు అనే దాని మీద అనుమానం. ఆగేముందు లైట్లు మసకబారి హారన్ గొంతు మారిపోతే బ్యాటరీ తీగలు, కరెంటు యంత్రం చూడాలి. ఒక్క ఇంజను నిలబడినప్పుడల్లా మూడుకాళ్ళ బల్లలా కుదుపుతుంటే ప్లగ్గులో, కాయిలో. ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగితే మాత్రం ముందు స్కానరు పెట్టించండి. అది చెప్పే నంబరు కాగితం మీద రాయించుకోండి. ఆ నంబరు ఏ వైపు వెతకాలో చెబుతుంది గాని ఏ సామాను మార్చాలో చెప్పదు, అది బాబాయ్ గారు రెండుసార్లు చెప్పిన మాట.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత కార్లున్నవాళ్ళు రబ్బరు పెట్రోలు గొట్టాలు కూడా సర్వీసులో ఒకసారి చూపించుకోవాలి. పెట్రోలు వాసన వస్తే మాత్రం ఆ పూటే, వాయిదా వెయ్యకూడదు.

కారు లేదు, స్కూటరే ఉందంటారా? 2020కి ముందు కొన్నవి చాలామటుకు కార్బురేటర్ బళ్ళు. సెలవులకి ఊరెళ్ళి నెలరోజులు కదపకుండా ఉంచితే లోపలి పెట్రోలు జిగురులా గట్టిపడి, సన్నటి జెట్టు పూడుకుపోతుంది. అదీ ఇలాగే, రేజు ఇస్తే ఉంటుంది, వదిలితే పోతుంది. కార్బురేటర్ విప్పి కడిగిస్తే సరి. స్క్రూ తిప్పి ఐడ్లింగ్ పెంచేసి ఇచ్చే మెకానిక్కులున్నారు, అది ఆరిపోతున్న బర్నర్‌ని పెద్ద మంట మీదే వాడుకోమన్నట్టు. పెట్రోలు దండగ.

ఇంకో సంగతి, మా ఎదురింటావిడ కొత్త కారు కొన్న వారానికి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "మీ జబ్బే మాకూ పట్టుకుందండీ, సిగ్నల్ దగ్గర ఆరిపోతోంది" అని. వెళ్ళి చూస్తే, ఆగిన ఇంజను క్లచ్చి తొక్కగానే దానంతట అదే స్టార్టవుతోంది. పెట్రోలు ఆదా కోసం కొన్ని కొత్త కార్లకి కంపెనీవాళ్ళే పెట్టిన ఏర్పాటది. వద్దనుకుంటే కట్టెయ్యడానికి పక్కనే మీట ఉంటుంది. మెకానిక్ దగ్గరికి వెళ్ళేముందు కారుతో ఇచ్చిన పుస్తకం ఒక్కసారి తిరగెయ్యండి. మనం చీరల అడుగున పెట్టి దాస్తామే, అదే.

తర్వాతి మంగళవారం బెంజి సర్కిల్ దగ్గర ఎర్ర లైటు పడింది. ఏసీ ఉంది. క్లచ్చి తొక్కాను. అలవాటు కొద్దీ కుడి కాలు ఎక్సలేటర్ మీదకి వెళ్ళబోతే ఆపుకున్నాను. చప్పుడు కొంచెం కుంగింది, మళ్ళీ లేచి నిలబడింది. నేను చేతులు బిగపట్టుకుని కూర్చున్నది అత్తయ్యగారు గమనించినట్టు లేదు. "ఆ చల్లగాలి కాస్త తగ్గించమ్మా, మోకాళ్ళు లాగుతున్నాయి" అన్నారు.

పాల పుస్తకం వెనక పేజీలో ఆ రోజు తేదీ వేసి సున్నా రాశాడు మా చిన్నవాడు. జాడీల సంగతి వచ్చేవారం తప్పకుండా రాస్తాను. అందాకా వాటిని కడిగి ఎండలో బోర్లించి ఉంచండి.